దుప్పికి ఏ తూటా?



1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసినప్పుడు వేటను పూర్తిగా మూసెయ్యలేదు. ఈ సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. లైసెన్సు తీసుకుంటే వేటాడొచ్చంది. ఎలా వేటాడకూడదో మాత్రం పదిహేడో సెక్షనులో వరసగా రాసింది. బండిలో కూర్చుని కాల్చకూడదు. రాత్రిపూట కాల్చకూడదు. లైటు వేసి జంతువు కళ్లు చెదరగొట్టి కాల్చకూడదు. నీళ్ల దగ్గర, ఉప్పుమట్టి నాకడానికి వచ్చే చోట కాపు కాయకూడదు. విషం, వల, గొయ్యి పనికిరావు. ఆ వరసలోనే ఇంకో షరతు ఉంది. దుప్పి, కణుజు లాంటి 'పెద్ద వేట' జంతువుల మీద రైఫిలే వాడాలి. షాట్‌గన్ వాడదలచుకుంటే లైసెన్సులో ప్రత్యేకంగా రాయించుకోవాలి. అలా రాయించుకున్నా, అందులో ఒంటి గుండు తూటా మాత్రమే వెయ్యాలి.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ చివరి షరతు గురించి. తూటా గురించి చట్టానికి ఎందుకంత పట్టింపు? ఒకే తుపాకిలో రైఫిలు గొట్టం, షాట్‌గన్ గొట్టం రెండూ ఉంటే, దుప్పి ఎదురైనప్పుడు దేనిలో ఏ తూటా ఉండాలి? ఈ ప్రశ్నను పామేడు అడవిలో నిలబడి అడిగితే ఏమని జవాబొస్తుంది?

ముందు ఊరి సంగతి. పామేడు ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లా ఉసూరు తహసీలులో ఉంది. 2007లో బీజాపూర్ వేరే జిల్లా అయ్యేదాకా అది దంతెవాడ జిల్లాలో ఉండేది. కాయితాల మీద ఎటున్నా, పామేడు మనుషుల రాకపోకలు చాలా ఏళ్లు తెలంగాణలోని మన చర్ల మీదుగానే సాగాయి. అంగడికి, ఆసుపత్రికి తెలంగాణ వైపే దిగేవాళ్లు. అక్కడి దొర్లా జనం కోయల్లో ఒక శాఖ. వాళ్ల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. చర్ల దగ్గర పెదమిడిసిలేరులో ప్రాజెక్టు కట్టిన తాలిపేరు వాగు ఆ పై అడవుల నుంచే దిగి వస్తుంది. 1983లో అక్కడ 262 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యం చేశారు. అడవి బర్రెల కోసం చేసింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు కూడా అడవి బర్రే. అదే ఏడాది ఇంద్రావతి నేషనల్ పార్కు పులుల రిజర్వయింది, భైరంగఢ్ మరో అభయారణ్యం అయింది. ఈ మూడు చోట్లా అడవి బర్రెలు ఎన్ని మిగిలాయన్నది వేరే కథ. దుప్పులు, కణుజులు, కొండగొర్రెలు ఆ అడవుల సొత్తు.

ఇక తుపాకి. కాంబినేషన్ గన్ అంటే ఒకే కట్టెకు రెండు రకాల గొట్టాలు బిగించిన తుపాకి. ఒక గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి, అది రైఫిలు. రెండోది లోపల నున్నగా ఉంటుంది, అది షాట్‌గన్. ఒకదాని మీద ఒకటి ఉండొచ్చు, పక్కపక్కన ఉండొచ్చు. మూడు గొట్టాల దాన్ని జర్మన్లు డ్రిల్లింగ్ అంటారు. దాని వెనకున్న ఆలోచన సులువైంది. అడవిలోకి పోయిన మనిషికి అడవికోడి ఎదురవుతుందో, దుప్పి ఎదురవుతుందో ముందుగా తెలియదు. రెండు తుపాకులు మోసే బదులు ఒకటి మోస్తే చాలు. యూరప్‌లో ఈ తుపాకులు బాగా వాడుకలో ఉన్నాయి. అమెరికాలో శావేజ్ కంపెనీ మోడల్ 24 అని పై గొట్టం చిన్న రైఫిలుగా, కింది గొట్టం షాట్‌గన్‌గా చేసి చాలా ఏళ్లు అమ్మింది.

మన దేశంలో తెల్ల దొరల కాలంలో ఇదే అవసరానికి వేరే దారి దొరికింది. కర్నల్ జార్జ్ ఫోస్బరీ అనే సైనికాధికారి 1885లో ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. షాట్‌గన్ గొట్టం అంతా నున్నగా ఉంచి, మూతి దగ్గర చివరి రెండు మూడు అంగుళాల్లో మాత్రం గాడులు పెట్టాడు. అందులో పిట్టల గుళ్లూ వేసుకోవచ్చు, పెద్ద సీసపు గుండూ వేసుకోవచ్చు. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దాన్ని 'పారడాక్స్' పేరుతో అమ్మింది. పన్నెండు బోరు పారడాక్స్ గుండు 48 గ్రాముల దాకా తూగేది. వంద గజాల లోపల గురి బాగా నిలిచేది. మన్యాలకు వెళ్లే అధికారులకు, జమీందార్లకు అది ఇష్టమైన తుపాకి అయింది. నా దృష్టిలో అది కాంబినేషన్ గన్‌కు చిన్నాన్న కొడుకు.

అంతకుముందే 1863లో కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్ వేట రైఫిలు మీద, దాని గుండ్ల మీద ఒక పుస్తకం రాశాడు. మధ్య పరగణాల అడవుల్లో పనిచేసిన మనిషి ఆయన. బస్తర్ సంస్థానం ఆ మధ్య పరగణాలకే అనుబంధంగా ఉండేది. అడవిలో కాల్పు ఎక్కువగా వంద గజాల లోపే కాబట్టి, పెద్ద గుండ్రటి గుండు, దండిగా మందు, గొట్టంలో నెమ్మదైన మెలిక ఉంటే చాలన్నది ఆయన వాదన. ఆ లెక్కలు ఇప్పుడు పాతబడ్డాయి. కానీ ఆయన మొదలుపెట్టిన చోటు సరైనది. తుపాకి ఎంచుకునే ముందు, ఎంత దూరంలో, ఎంత పెద్ద జంతువును, ఎక్కడ కొట్టబోతున్నావో చెప్పు అన్నాడు.

మనమూ అక్కడే మొదలుపెడదాం. చుక్కల దుప్పి పోతు 70, 80 కిలోలుంటుంది. కణుజు పోతు 200 కిలోలు సులువుగా దాటుతుంది. దుప్పిని పక్కనుంచి చూస్తే, ముందుకాలి వెనక, గుండెకాయ, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు తొమ్మిది అంగుళాల వెడల్పు గుండ్రం. అక్కడ తగిలితే జంతువు కొద్ది దూరంలోనే పడిపోతుంది. తప్పితే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

షాట్‌గన్ గొట్టంలో చాలామంది వేసేది ఎల్.జి. లేదా ఎస్.జి. తూటా. పన్నెండు బోరు తూటాలో ఎల్.జి. గుళ్లు ఆరో ఏడో ఉంటాయి, ఎస్.జి. గుళ్లు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. ఒక్కో ఎల్.జి. గుండు తొమ్మిది మిల్లీమీటర్ల మందం. ఎస్.జి. అయితే కాస్త చిన్న గుళ్లే అయినా ఒక్కసారిగా తొమ్మిది పోతుంటే ఏదో ఒకటి తగలకపోతుందా అని మనసుకు ధీమా. ఆ ధీమాను లెక్కతో పరీక్షించండి. మూతి బిగింపు లేని మామూలు గొట్టం నుంచి బయలుదేరిన గుళ్లు గజానికి సుమారు ఒక అంగుళం చొప్పున చెదురుతాయి. నలభై గజాల దూరంలో అవి నలభై అంగుళాల వెడల్పు వలయంలో పడతాయి. మన తొమ్మిది అంగుళాల గుండ్రం అందులో ఇరవయ్యో వంతు మాత్రమే. తొమ్మిది గుళ్లను ఇరవైతో భాగిస్తే అరగుండు కూడా రాదు. నడిమధ్యన గుళ్లు కాస్త దట్టంగా పడతాయి కాబట్టి నిజం ఈ లెక్క కన్నా కొంచెం మెరుగ్గా ఉండొచ్చు. అయినా ప్రాణస్థానంలో ఒక్క గుండు దిగితే అదృష్టం. మిగిలినవి కడుపులో, తొడలో, దవడలో దిగుతాయి.

అదే పదిహేను గజాల్లో చూడండి. వలయం పదిహేను అంగుళాలే. ప్రాణస్థానంలో సగటున మూడు గుళ్లు దిగుతాయి. అంటే ఈ తూటా పనికొచ్చే దూరం పదిహేను ఇరవై గజాలు. అంత దగ్గరికి చేరగలిగిన మనిషికి విల్లంబు కూడా సరిపోతుంది. దొర్లా వేటగాళ్లు తరతరాలుగా అంత దగ్గరికే పోయారు. పొదచాటున పాకుతూ, గాలి ఎదురొచ్చేలా చూసుకుంటూ పోయేవాళ్లు. తుపాకి చేతికొచ్చాక ఆ ఓపిక పోయి, నలభై గజాల నుంచి కాల్చడం మొదలైంది. దుప్పులకు చెడు చేసింది ఆ ఇరవై అయిదు గజాల తేడాయే.

గురి తప్పిన దుప్పి ఏమవుతుందో జాడ పట్టే పాతకాలపు వేటగాళ్లకు బాగా తెలుసు. ఆకు మీద పడిన నెత్తురు చూసే వాళ్లు చెప్పేస్తారు. లేత ఎరుపులో నురగ కలిసి ఉంటే గుండు ఊపిరితిత్తిలో దిగింది, దుప్పి ఎక్కువ దూరం పోదు. ముదురు ఎరుపు అయితే కాలేజంలో దిగింది, కాస్త ఆగి వెతకాలి. నెత్తురులో పచ్చటి పసరు, నమిలిన గడ్డి కలిసి కనబడితే కడుపులో దిగింది. వెంటనే తరిమితే దుప్పి కిలోమీటర్లు పరిగెత్తుతుంది. గంటల కొద్దీ ఆగి మెల్లగా జాడ తీస్తే ఎక్కడో వాగు పక్కన పడుకుని కనిపిస్తుంది. కాలు విరిగితే నెత్తురు కొద్దిదూరమే పడుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఆ దుప్పి మూడుకాళ్ల మీద కుంటుతూ నెలల తరబడి బతుకుతుంది, లేదా రేచుకుక్కల పాలవుతుంది. గాయపడి దొరక్కుండా పోయిన దుప్పి ఏ వేటగాడి లెక్కలోకీ రాదు. అడవి లెక్కలో మాత్రం అది పోయినట్టే. 1972 చట్టం రాసినవాళ్లు షాట్‌గన్‌లో గుళ్లు వద్దు, ఒంటి గుండే వెయ్యమని రాసింది ఇందుకేనని నా నమ్మకం.

ఒంటి గుండు అంటే స్లగ్. జర్మన్ తయారీదారు విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లో దీన్ని రూపొందించాడు. సీసపు గుండు వెనక మెత్తటి డట్టా బిగించడంతో, బరువంతా ముందువైపే ఉండి గుండు పల్టీ కొట్టకుండా పోతుంది. 1931లో అమెరికాలో కార్ల్ ఫోస్టర్ వెనకవైపు గుల్లగా ఉండే ఇంకో రకం తయారుచేశాడు. పన్నెండు బోరు అన్న పేరు కూడా ఒంటి గుండు నుంచే వచ్చింది. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు. అంటే ఒక్కోటి 38 గ్రాములు. నున్నటి గొట్టం నుంచి స్లగ్‌తో యాభై, అరవై మీటర్ల దాకా నమ్మకంగా కాల్చొచ్చు. అంతకు మించితే గురి చెదురుతుంది. మూతి బాగా బిగించిన గొట్టంలో పాత గుండ్రటి గుండు వేస్తే గొట్టమే చీలవచ్చు. ఆ మూతి బిగింపునే చోక్ అంటారు. చాలా తుపాకుల మీద అది ఎంతో రాసి ఉంటుంది, చూడకుండా వెయ్యకూడదు.

కాంబినేషన్ గన్‌లో రైఫిలు గొట్టానికి తూటా ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది తూటా అడుగు. ఈ తుపాకులను మధ్యలో విరిచి తూటా పెడతారు. పేలిన ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం తూటా అడుగున ఉబికి ఉండే అంచును పట్టుకుంటుంది. అందుకే వీటికి అంచున్న తూటాలు తయారవుతాయి. 7×57ఆర్, 7×65ఆర్, 9.3×74ఆర్ అని రాసినప్పుడు ఆఖరి 'ఆర్' ఆ అంచుకు గుర్తు. అంచులేని తూటాలు వాడే తుపాకులూ ఉన్నాయి, కానీ తడి రోజున, తొందరలో ఖాళీ తూటా గొట్టంలో ఇరుక్కుపోతే రెండో కాల్పు ఉండదు.

రెండోది బలం. శావేజ్ మోడల్ 24 లాంటి తుపాకుల పై గొట్టం చాలావరకు .22 బోరు. అది కుందేలుకు, పిట్టకు. దుప్పి మీద అది వాడటం క్రూరత్వం, వేరే మాట అక్కర్లేదు. జర్మనీ వేట చట్టం ఈ విషయాన్ని అంకెల్లో రాసింది. అక్కడి చిన్న జింక అయిన రో డీర్‌కు, వంద మీటర్ల దూరంలో తూటా కనీసం 1,000 జౌల్స్ బలంతో తగలాలి. అంతకంటే పెద్ద గిట్టల జంతువులకు కనీసం 6.5 మిల్లీమీటర్ల తూటా, 2,000 జౌల్స్ ఉండాలి. గిట్టల జంతువుల మీద గుళ్ల తూటా అక్కడ పూర్తిగా నిషేధం. మన చుక్కల దుప్పి రో డీర్ కన్నా చాలా పెద్దది, కాబట్టి 2,000 జౌల్స్ లెక్కే దానికి వర్తిస్తుంది. కణుజుకు అంతకు పైనే ఉండాలి.

మూడోది తూటా మూతి. ఇందులో ఒక వింత ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో మూతి మెత్తగా ఉండి, తగలగానే విచ్చుకునే తూటాలు చేశారు. వాటిని యుద్ధంలో వాడకూడదని 1899లో హేగ్‌లో ప్రకటన చేశారు. మనుషుల మీద వాడటం అమానుషమని. అదే రకం తూటాను జింకల మీద వాడి తీరాలని ఇంగ్లండు 1991 జింకల చట్టం అంటుంది. అక్కడ రైఫిలు తూటా మూతి మెత్తగానో, గుల్లగానో ఉండాలి. రెండు చట్టాలూ తమతమ చోట సరైనవే. సైనికుణ్ని పడగొట్టి పోరు నుంచి తప్పిస్తే చాలని ఒక చట్టం ఉద్దేశం. జంతువు నొప్పితో నాలుగు రోజులు ఈడ్చకుండా వెంటనే చావాలని రెండో దాని ఉద్దేశం. గట్టి మూతి తూటా దుప్పి ఒంట్లోంచి సూదిలా దూసుకుపోతుంది, దుప్పి పారిపోతుంది. అదే తూటా వెనకనున్న మనిషికి తగిలే ప్రమాదం కూడా ఎక్కువ.

నాలుగో విషయం కాంబినేషన్ గన్‌లకు మాత్రమే సంబంధించింది, చాలామంది దీన్ని పట్టించుకోరు. రెండు గొట్టాలనూ ఒకదానికొకటి అతికించి ఉంచుతారు. ఒకే గురిపుల్లతో రెండూ కాలుస్తారు. రైఫిలు తూటా ఒకచోట తగిలితే, స్లగ్ అదే దూరంలో జానెడు పక్కన తగలొచ్చు. తూటా కంపెనీ మారితే ఆ దూరం మారుతుంది. వరసగా నాలుగు కాల్పులయ్యాక గొట్టాలు వేడెక్కితే మళ్లీ మారుతుంది. కాబట్టి ముందు రైఫిలు గొట్టానికి ఒక తూటా నిశ్చయించుకుని, యాభై మీటర్ల దూరంలో కాయితం మీద గురి కుదుర్చుకోవాలి. తర్వాత మూడు నాలుగు కంపెనీల స్లగ్‌లు కాల్చి చూసి, ఆ రైఫిలు గురికి దగ్గరగా పడేదాన్ని ఉంచుకోవాలి. ఒకసారి కుదిరిందంటే ఆ డబ్బా మార్చకూడదు. తుపాకిలో చిన్న గుళ్ల తూటా వేసుకుని అడవికోడి కోసం బయలుదేరి, హఠాత్తుగా దుప్పి ఎదురైతే తప్పు మీట నొక్కే ప్రమాదం కూడా ఉంది. రెండు రకాల తూటాలు ఒకే జేబులో వేసుకునే మనిషి చేతికి అలాంటి తుపాకి ఇవ్వకూడదు.

పాత తుపాకులకైతే ఇంకో జాగ్రత్త. మన దగ్గర అలాంటివి ఎక్కువగా వారసత్వంగా వచ్చినవే. 1980లలో తుపాకుల దిగుమతి ఆగిపోయాక కొత్తవి రావడం అరుదు. పాత పన్నెండు బోరు గొట్టాలు కొన్ని 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినవి. 70 మిల్లీమీటర్ల తూటా అందులో పడుతుంది, తలుపు కూడా మూసుకుంటుంది. కానీ పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం కింద వేసిన పరీక్ష గుర్తులు చదివించకుండా, నల్లమందు కాలపు గొట్టంలో ఇప్పటి తూటా వెయ్యడం చేతులు పోగొట్టుకోవడమే. మన దేశంలో మామూలుగా దొరికే తూటాల్లో ముఖ్యమైనవి రెండు. ఖడ్కీ కర్మాగారం పన్నెండు బోరు 'శక్తిమాన్' తూటాలు ఒకటి. ఇషాపూర్‌లో తయారయ్యే .315 రైఫిలుకు వాడే తూటాలు రెండోది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇదంతా అక్కరకొచ్చే సంగతే. మన చుక్కల దుప్పి అమెరికాలోని టెక్సాస్‌కు 1932లో చేరింది. ఇప్పుడు అక్కడ వేలల్లో ఉంది. టెక్సాస్ చట్టం దృష్టిలో అది పరాయి జంతువు. అక్కడ వేట లైసెన్సు ఉంటే, భూమి సొంతదారు అనుమతితో, ఏడాది పొడవునా వేటాడొచ్చు. అంతకుముందే 1860లలో హవాయిలోని మొలొకాయి దీవికీ చేరింది. కణుజు ఆస్ట్రేలియాలోని విక్టోరియా కొండల్లో స్థిరపడింది. విక్టోరియాలో కణుజుకు కనీసం .270 బోరు, 130 గ్రెయిన్ల తూటా వాడాలని నిబంధన. చుక్కల దుప్పికైతే .243 బోరు, 80 గ్రెయిన్లు చాలు. షాట్‌గన్ వాడితే కనీసం ఇరవై బోరు ఉండాలి, ఒంటి గుండు మాత్రమే వెయ్యాలి. మన పదిహేడో సెక్షను చెప్పిన మాటే. డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి ఈ వేట మీద సరదాపడే తెలుగువాళ్లు ముందు లైసెన్సు, తర్వాత కాయితం మీద గురి, ఆ తర్వాతే అడవి అని గుర్తుంచుకుంటే చాలు. సీసపు ముక్కలు కళేబరంలో మిగిలి గద్దలకు, రాబందులకు విషమవుతున్నాయని కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా ఆపేసింది. రాగి తూటాల వైపు మళ్లడం మంచిదే.

ఇక పామేడుకు వద్దాం. ఇంతసేపు తూటాల గుణగణాలు చెప్పి, పామేడులో ఏ తూటా వాడాలో చెప్పలేదని మీరనొచ్చు. జవాబు సూటిగా ఉంది: ఏదీ వాడకూడదు. 1991లో చట్టాన్ని సవరించి వేట లైసెన్సులను పూర్తిగా ఎత్తేశారు. పెద్ద వేట, చిన్న వేట అన్న విభజన పోయింది. పదిహేడో సెక్షను కూడా పోయింది. ఒంటి గుండా, గుళ్లా అన్న ప్రశ్నే లేకుండా పోయింది. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. కాల్చి తప్పినా, కాల్చబోయినా చట్టం దృష్టిలో అదీ వేటే. ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టడమే నేరం. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆత్మరక్షణకు చంపితే నేరం కాదు. కానీ దుప్పి ఎవరి మీదకూ రాదు.

అడవి మనుషులకు ఈ చట్టం కొంత అన్యాయం చేయలేదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న సబబైందే. విత్తనాలు చల్లే ముందు కోయలు, దొర్లాలు చేసుకునే విజ్జ పండుములో అడవికి పోయి వేటాడి రావడం ఒక ఆనవాయితీ. బస్తర్‌లో ఊరంతా కలిసి చేసే వేటను పారద్ అంటారు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, అడవిలో వాళ్లు అనుభవించే పాత హక్కులు చాలావాటిని గుర్తించింది. వేటాడే హక్కును, ఉచ్చులు పన్నే హక్కును మాత్రం పేరుపెట్టి మినహాయించింది. పండగ ఆగలేదు, వేట చట్టవిరుద్ధమైంది. నా అభిప్రాయం చెప్పమంటే, పండుముకు తీసుకెళ్లే విల్లు అడవిని ఖాళీ చెయ్యలేదు. ఖాళీ చేసింది భర్మార్ తుపాకి.

ఆ భర్మార్ గురించి రెండు ముక్కలు. మూతిలోంచి మందు పోసి, ఇనుప ముక్కలో సీసపు గుండో వేసి, కడ్డీతో దట్టించే నాటు తుపాకి అది. బస్తర్‌లో ఎక్కడ సోదా చేసినా పోలీసులకు దొరికే ఆయుధం అదే, పేపర్లలో రోజూ కనబడుతుంది. మందు ఎంత పోశామో చెయ్యి లెక్కే. గుండు గొట్టంలో సరిగ్గా పట్టదు. మెలిక లేదు, గురిపుల్ల లేదు. ఒక్కసారి పేలితే మళ్లీ దట్టించేలోపు దుప్పి కొండ దాటుతుంది. తూటా ఎంపిక గురించి ఇందాక చెప్పిన నాలుగు విషయాల్లో ఒక్కటీ దానికి వర్తించదు. ఆ తుపాకితో తగిలిన దుప్పుల్లో ఎక్కువ భాగం వేటగాడి చేతికి రావు. గాయంతో పోతాయి. ఏళ్ల తరబడి సాగిన మావోయిస్టు పోరు నడుమ, అటవీ సిబ్బంది లోపలికి స్వేచ్ఛగా పోలేని పరిస్థితిలో, ఎన్ని అలా పోయాయో లెక్క తీసిన మనిషి లేడు. పంట కాపలాకి అని చెప్పి దాచుకున్నా, లైసెన్సు లేని తుపాకి ఆయుధాల చట్టం కింద నేరమే.

పంటల మీద పడే అడవి పందుల విషయం వేరు. అవసరమైతే అధికారి అనుమతితో, అధికారి చెప్పిన పద్ధతిలో వాటిని తొలగించే వీలు చట్టంలోనే ఉంది. అనుమతి కాయితం చేతికి రాకముందు తుపాకి తీయకూడదు, అంతే.

వారసత్వంగా వచ్చిన తుపాకి ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మాట. అభయారణ్యం హద్దు నుంచి పది కిలోమీటర్ల లోపు ఉంటూ లైసెన్సు తుపాకి పెట్టుకున్న ప్రతి మనిషీ తన పేరు అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలని చట్టంలోని 34వ సెక్షను చెబుతోంది. ఆ పది కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా ముందుగా ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి సమ్మతి ఉండాలి. తాత పేరున ఉన్న లైసెన్సు మీ పేరుకు మారిందో లేదో చూసుకోండి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. లైసెన్సు గడువు తీరినా, వారసుల పేరుకు మారకపోయినా, తుపాకినీ తూటాలనూ దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో వెంటనే జమ చేసి రసీదు తీసుకోండి. అడవిలో గాయంతో దుప్పి కనబడితే తరమకుండా, దగ్గరి అటవీ బీటు అధికారికి కబురు పంపండి.